నీకోసం ఎత్తిపెట్టాను

అమలాపురం బస్సు కూకట్‌పల్లి చేరేసరికి తెల్లవారుజాము అయిదున్నర అవుతుంది. డ్రైవరు దిగి డిక్కీ తలుపు పైకెత్తగానే మాలాంటివాళ్లం పదిమందిమి అక్కడ మూగుతాం. మా పెట్టె ఏదో నేను అడగక్కర్లేదు. నాలుగు వైపులా నీలం మార్కరుతో నాన్న చేతిరాత, నిలువునా అడ్డంగా బిగించిన ప్లాస్టిక్ తాడు, పైన ముడి మీద ముడి. పెట్టె సర్దేది అమ్మ, కట్టేది నాన్న. ఆయన వేసిన ముడి విప్పడం మా ఇంట్లో ఎవరి తరమూ కాదు.

పెట్టె తెరిచేటప్పుడు నేను తొందరపడను. సర్దిన తీరులోనే అమ్మ కనబడుతుంది. అడుగున బియ్యం సంచి. ఆ బియ్యంలో నాటుకోడి గుడ్లు, ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా పూడ్చి ఉంటాయి. దాని మీద పీచు కొంచెం ఉంచి ఒలిచిన కొబ్బరికాయలు. కాయకీ కాయకీ మధ్య సందుల్లో కందిపొడి, మినప సున్నుండలు, పనసపొట్టు. ఊరగాయ సీసాను పాత టవల్లో చుట్టి సరిగ్గా నడిమధ్యన నిలబెడుతుంది. మూతకింద ప్లాస్టిక్ కాగితం, మూత మీద గుడ్డ, దాని మీద దారం. అన్నిటికన్నా పైన తడిగుడ్డలో కరివేపాకు. ఆ కరివేపాకు పక్కన ఎప్పుడూ ఒక చిన్న కాగితం పొట్లం ఉంటుంది. దాంట్లో ఏముంటుందో ముందుగా ఫోన్‌లో చెప్పదు.

పోయిన చలికాలం ఆ పొట్లంలో ఎండు ఉసిరికాయ ముక్కలు వచ్చాయి. ఉప్పు పట్టించి ఎండబెట్టినవి. పదిరోజుల కిందట మాటల్లో "జ్వరం తగ్గింది గానీ నోరు చేదుగా ఉందమ్మా" అన్నానట. అన్నట్టు నాకు గుర్తే లేదు. అందిందని చెప్పడానికి ఫోన్ చేస్తే అమ్మ ఒకటే మాట అంది: "కార్తీకంలో ఎండబెట్టినవే తల్లీ, నీకోసం ఎత్తిపెట్టాను."

కానుకల గురించి రాయమన్నప్పుడు నాకు మొదట తట్టింది ఈ మాటే. మనకు కానుక ఉంది, బహుమతి ఉంది, చదివింపులున్నాయి, కట్నకానుకలున్నాయి. ఇవన్నీ ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఎదురెదురుగా ఉన్నప్పటి మాటలు. ఎత్తిపెట్టడం అలాంటిది కాదు. ఆ మనిషి ఎదురుగా లేనప్పుడు జరిగే పని అది. వండినదాంట్లోంచి, కాసినదాంట్లోంచి, ఎవరో తెచ్చి ఇచ్చినదాంట్లోంచి లేని మనిషి వాటా ముందుగా పక్కకు తీయడం. వాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు, వస్తారో రారో కూడా తెలియదు. వంతు మాత్రం తీసే ఉంటుంది. మా అత్తగారిది జగిత్యాల వైపు. ఆమె "నీకని తీసిపెట్టిన బిడ్డా" అంటారు. మాట తీరు మారింది, చేసే పని అదే.

మా ఇంట్లో ఈ పని అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఆవకాయ కలిపే రోజున. కాయ ముక్కలు తుడిచి ఆరబెట్టడం దగ్గర్నుంచి అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె కలిపి జాడీలో పెట్టి, వాసెన కట్టి, మూడో రోజున తిరగకలుపుతుంది. ఆ రోజు జాడీ విప్పగానే ముందుగా నాలుగు సీసాలు వరసగా పెడుతుంది. ఒకటి డల్లాస్‌లో ఉన్న అన్నయ్యది. నూనె ఎక్కువ, కారం తక్కువ, వెల్లుల్లి ఉండాలి. ఒకటి నాది, వెల్లుల్లి లేకుండా. ఒకటి తమ్ముడిది. నాలుగోది మా అత్తగారికి. ఆ తర్వాతే ఇంట్లోకి. జాడీ అడుగున మిగిలిన పిండిలో వేడి అన్నం కలిపి ముద్దలు పెట్టేటప్పుడు అందరికీ పెట్టి, చివరి ముద్ద తను తింటుంది. అది ఏ రుచిగా ఉంటే ఆమెకు ఇష్టమో ఎవరమూ అడగలేదు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

2025 ఆగస్టులో అన్నయ్య సీసాకు చిక్కొచ్చింది. 800 డాలర్ల లోపు సరుకులకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఎత్తేసింది. ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ ఆ దేశానికి పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. మళ్లీ మొదలైంది అక్టోబరు 15న. ఆ యాభై రోజులూ అన్నయ్య సీసా వంటింటి అలమరలో పై అరలో ఉంది. ఇంట్లో ఆవకాయ అయిపోవచ్చింది. దసరాకు వెళ్లి, "అన్నయ్యకు తర్వాత మళ్లీ పంపుదువుగాని, ఆ సీసా తీయమ్మా" అన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అలిగింది కాదు, కోప్పడింది కాదు. ఒకరి కంచంలోంచి ఇంకొకరు తీసుకుంటానంటే ఎలా చూస్తారో అలా చూసింది. చివరికి మా ఊరి కుర్రాడెవరో అమెరికా వెళ్తుంటే అతని పెట్టెలో పంపింది. ఇరవై మూడేసి కిలోల పెట్టెలు రెండు. స్ప్రింగు త్రాసుకు తగిలించి చూస్తే కిలోన్నర ఎక్కువ తూగింది. ఆ అబ్బాయి తల్లి కొడుకు జీన్సు ప్యాంట్లు రెండు తీసి పక్కన పెట్టి, మా సీసా లోపల పెట్టింది. "బట్టలక్కడ దొరుకుతాయి కదండీ" అంది. ఆవకాయ కూడా అక్కడి తెలుగువాళ్ల దుకాణాల్లో దొరుకుతుంది. ఆ సంగతి ఇద్దరు తల్లులకూ తెలుసు.

వీధంతా తిన్న సారె

నాకు పెళ్లయిన ఏడాది ఆషాఢం వెళ్లాక పుట్టింటి నుంచి సారె వచ్చింది. కోనసీమలో అది మామూలే గానీ, జగిత్యాల దగ్గర మా అత్తవారి ఊళ్లో వింత. లడ్డూలు, మైసూరుపాకం, మడత కాజాలు, అరిసెలు, రెండు అరటి గెలలు, ఇత్తడి గిన్నెలో చలిమిడి. పుట్టిల్లు వదిలి వెళ్లే ఆడపిల్లకు చలిమిడి పెట్టకుండా పంపరు మావైపు. కడుపు చల్లగా ఉండాలని. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, కొబ్బరి ముక్కలు, గసగసాలు. అంత మెత్తటి తీపి మళ్లీ ఏదీ లేదు.

సారె అంటే పిల్ల కోసమే అనుకుంటారు చాలామంది. అది వీధి కోసం. మా వైపు అత్తవారింట్లో ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పంచుతారు. ఇంటికో లడ్డూ, ఓ కాజా, ఓ అరటిపండు, చిటికెడు కుంకుమ. "మా కోడలి పుట్టింటి నుంచి వచ్చిందండీ." ఆ ఒక్క మాటతో కొత్త పిల్ల వీధికి పరిచయమైపోతుంది. మా అత్తగారికి ఆ పద్ధతి తెలియకపోయినా, అమ్మ ఫోన్‌లో చెప్పగా విని, పక్కింటామెను వెంటేసుకుని నలభై ఇళ్లు తిరిగారు. సాయంత్రం కాళ్లు నొక్కుకుంటూ కూర్చుని, "మీ అమ్మ మా ఊరందరికీ తీసిపెట్టింది" అన్నారు. అంతవరకూ ఆ ఇంట్లో నేను అతిథిలా కూర్చునేదాన్ని. ఆ మాట విన్నాక లేచి వెళ్లి పొయ్యి ముందు నిలబడ్డాను.

ఆ సారెలో పూతరేకుల పెట్టె ఒకటి విడిగా వచ్చింది, ఆత్రేయపురంవి. చిన్నప్పుడు నాన్నతో ఆ ఊరు వెళ్లి, అవి చేసేచోట గుమ్మంలో నిలబడి చూశాను. బోర్లించిన కుండ, పక్కనున్న మూతి లోంచి లోపలికి ఎండు కొబ్బరాకుల మంట. పొగలో కూర్చున్న ఆమె పల్చటి బియ్యపు పిండిలో తెల్లటి గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్క లాగు లాగింది. రెప్పపాటులో రేకు కాలింది. అంచు పట్టి తీస్తే కాగితం కన్నా పల్చగా ఉంది, అవతలి వెలుతురు కనిపిస్తోంది. మళ్లీ ముంచడం, మళ్లీ లాగడం. ఇంకొకామె ఆ రేకుల్ని తడిగుడ్డతో అద్ది, నెయ్యి పూసి, పంచదార పొడి చల్లి, చీర మడత పెట్టినట్టు మడత పెట్టింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఆ పొగ ముందు కళ్లు మండించుకున్న ఆడవాళ్లదని నా నమ్మకం. పూతరేకుల్ని ఎవరూ ఇంట్లో ఊరికే కొనుక్కు తినరు మా వైపు, ఎవరికో ఇవ్వడానికే కొంటారు. తీసుకెళ్లేవాళ్లు పెట్టెను బస్సులో సామాన్ల అర మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు, నలిగిపోతాయని.

దోసిళ్ల లెక్క

ఒడిబియ్యం నేను మొదట చూసింది మా ఆడపడుచుకు పోసినప్పుడు. తెలంగాణలో పెళ్లయిన బిడ్డను ఏళ్లకోసారి పుట్టింటికి పిలిచి ఒడి నింపుతారు. అయిదేళ్లకో, తొమ్మిదేళ్లకో, బేసి సంవత్సరాల్లోనే పెడతారు. ఆ రోజు మా అత్తగారు పొద్దున్నే బియ్యం కొలిచి పసుపు కలిపారు. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, తమలపాకులు, రవికె గుడ్డ పళ్లెంలో పెట్టారు. కొత్త చీర కట్టుకుని మా ఆడపడుచు పీట మీద కూర్చుని కొంగు పరిచి పట్టుకుంది. ముందు అత్తగారు, తర్వాత చిన్నత్తలు, తర్వాత వదినను కాబట్టి నేను. రెండు చేతులా దోసిలి నిండా తీసి ఒళ్లో పోయాలి. అలా అయిదుసార్లు.

నా వంతు వచ్చేసరికి చేతులు వణికాయి. బియ్యం గింజలు వేళ్ల సందుల్లోంచి జారిపోతాయేమోనని భయం. ఆమె తలవంచుకుని కూర్చుంది. ఇద్దరు పిల్లల తల్లి, బడిలో నలభైమంది పిల్లల్ని ఒక్క గొంతుతో కూర్చోబెట్టే టీచరు, ఒడి బరువెక్కుతున్నకొద్దీ చిన్నపిల్ల అయిపోయింది. పోసిన గింజల మీద కన్నీటి చుక్కలు పడుతున్నాయి. ఎవరూ ఏడవద్దనలేదు. అంతా అయ్యాక ఒడి కట్టుకుని లేచి, పోయేముందు అందులోంచి కొన్ని బియ్యం తీసి తల్లి ఇంట్లోనే పోసింది. అదెందుకని మా ఆయన మేనత్తను అడిగాను. ఎనభై దాటిన మనిషి. "అంత ఊడ్చుకపోతె పుట్టిల్లు ఏం గావాలె బిడ్డా? ఆమె గూడ కొంచెం తీసిపెట్టాలె గద" అంది.

అత్తగారింటికి వెళ్లాక ఆ బియ్యం ఆమె ఒక్కతే వండుకోదు. పరమాన్నం వండి, చుట్టాల్ని, ఇరుగుపొరుగును పిలిచి పెడుతుంది. ఇక్కడా వీధి వచ్చింది చూడండి. మేడారం జాతరకు వెళ్లేవాళ్లు కూడా సమ్మక్కకు ఒడిబియ్యం పట్టుకెళ్తారు, తల్లిని తమ ఇంటి ఆడపడుచుగా ఎంచుకుని. దేవతకు పెట్టే కానుక కూడా బిడ్డకు పెట్టేలాంటిదే కావడం నాకు ఎంతో నచ్చిన సంగతి. బతుకమ్మ పండుగకు బిడ్డ రాలేకపోతే నువ్వుల సద్ది, పల్లి సద్ది చిన్న డబ్బాలో తీసిపెట్టి, ఆ వైపు వెళ్లే బస్సు కోసం చూసే తల్లులు మా అత్తవారి ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు.

ఇంతవరకూ తీపి మాటలే రాశాను. చేదు కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ నిజం కాదు. సారె పళ్లేలు లెక్కపెట్టే వీధులున్నాయి. ఫలానా కోడలికి ఇరవై ఒక్క రకాలొచ్చాయి, మనకు పదకొండేనా అనే నోళ్లున్నాయి. 2021 ఆషాఢంలో రాజమండ్రి నుంచి యానాంకు ఒక తండ్రి లారీల మీద టన్నుల లెక్కన చేపలు, కూరగాయలు, వాటితో మేకలూ కోళ్లూ పంపితే దేశమంతా చూసింది. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారు. ఉన్నవాళ్లు మురిపెంగా పెట్టుకున్నారు, వాళ్ల సంతోషాన్ని నేను తప్పుపట్టను. ఆ వీడియోలు చూసి అప్పు చేసే తండ్రుల గురించే నా బెంగ. పట్టీల దగ్గర్నుంచి ఫ్రిజ్జు దాకా జాబితా చేతికిచ్చి "మీ అమ్మాయికేగా" అనేవాళ్లు అడుగుతున్నది కట్నమే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఈ తేడాను గుర్తించింది. ఎవరూ అడగకుండా, ఆచారంగా, ఇచ్చేవారి తాహతుకు మించకుండా పెళ్లిలో పెట్టినదాన్ని అది కట్నంగా చూడదు, జాబితా రాసి ఉంచాలంటుంది. ఆ జాబితా ఎలా రాయాలో, ఎవరెవరు సంతకం చేయాలో 1985లో నిబంధనలు వచ్చాయి. స్త్రీధనం భార్య సొంతమేనని, అత్తింటివాళ్ల దగ్గర ఉన్నంత మాత్రాన వాళ్లదైపోదని సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే ఏడాది. ఆ జాబితా రాసిన పెళ్లి నేను ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు.

రెండో చేదు ఇంకా లోతైనది. "ఏటా సారె పెడుతున్నాం, ఒడి నింపుతున్నాం, ఇంకా ఆస్తిలో వాటా ఏమిటి?" అనే అన్నదమ్ముల్ని మీరూ చూసే ఉంటారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణ తెచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. లేని మనిషి వంతును భద్రంగా పక్కన పెట్టడమే ఎత్తిపెట్టడమైతే, పొలంలో ఆమె వంతు కూడా అందులోకే వస్తుంది. దోసెడు బియ్యం ఒళ్లో పోసి, ఎకరం కాగితం మీద సంతకం పెట్టించుకునే చెయ్యి ఆ బియ్యాన్ని ముట్టుకోకూడదు.

పాదం గీసిన కాగితం

మా అత్తవారి వైపు చిన్నమామయ్య పదహారేళ్లు దుబాయ్‌లో పనిచేశారు. రెండేళ్లకోసారి వచ్చేవారు. తాళ్లతో బిగించి, నలుపక్కలా పేరు రాసిన పెద్ద అట్టపెట్టె ఆయనకన్నా ముందు ఆటో దిగేదట. కంబళ్లు, పాలపొడి డబ్బాలు, టాంగ్ పొడి, ఖర్జూరాలు, టార్చిలైట్లు, అత్తరు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఇలాంటి పెట్టె తెరవడం పండగలా జరిగేది, ఊరు ఊరంతా అరుగు మీద చేరేది. కడప వైపు నుంచి, మా గోదావరి వైపు నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు తెచ్చే పెట్టెలూ ఇలాగే ఉండేవి. వాళ్లు పరాయి పిల్లలకు వండిపెడుతూ తమ పిల్లల కోసం ఒక్కో వస్తువూ మంచం కింద పోగేసుకున్నవాళ్లు.

మామయ్య పెట్టెలో మా ఆయనకు బాగా గుర్తున్నది బూట్ల జత. అప్పుడు ఆయనకు ఏడేళ్లు. దుబాయ్‌కు రాసిన ఉత్తరంలో నోటుపుస్తకం కాగితం ఒకటి పెట్టారు. నేల మీద పరిచి, దాని మీద పిల్లాడి కాలు పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసిన పాదం. కింద పేరు. అది చూసి మామయ్య ఆ కొలతకు కొనలేదు. ఉత్తరం చేరడానికి ఎన్నాళ్లు పడుతుందో, తను సెలవు మీద రావడానికి ఇంకెన్ని నెలలుందో లెక్కేశారు. "పోరని కాలు ఆగుతదా? వేలెడు ఎక్కువ పెట్టుకొని కొన్న" అని ఆయన ఇప్పటికీ చెబుతారు. బూట్లు సరిగ్గా పట్టాయి. తను చూడకుండానే పిల్లాడు ఎంత పెరుగుతాడో ఊహించి కొన్న ఆ వేలెడు నా దృష్టిలో ఆ పెట్టెలోకెల్లా విలువైన వస్తువు. గీసిన కాగితాలు అయిదారు ఆయన పాత పాస్‌పోర్టు కవరులో ఇంకా ఉన్నాయి. పెన్సిలు గీత చెరిగిపోతోందని ఈమధ్య ఒకదాన్ని ఫొటో తీసి పెట్టాం.

అంతకుముందు తరంలో మనియార్డరు ఉండేది. మన దేశంలో అది 1880లో మొదలైంది. ఫారం కింద చివర ఒక చిన్న చీటీ, రెండు మూడు వాక్యాలు పట్టేంత చోటు. డబ్బుతో పాటు ఆ ముక్క చింపి పోస్టుమ్యాను చేతికిచ్చేవాడు. మా నాయనమ్మకు చదువు రాదు. పట్నంలో పనిచేసే బాబాయి పంపిన డబ్బు ఆ వారంలోనే ఖర్చయిపోయేది, చీటీ మాత్రం బియ్యం డబ్బాలో దాచేది. వాటిని చాలాసార్లు నాచేత చదివించుకుంది. అన్నిట్లోనూ ఒకే ముక్క ఉండేది: క్షేమం, ఒంట్లో జాగ్రత్త, పండక్కి వస్తాను.

గాజుల సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న ప్రేమ బయటికి చూపించే మనిషి కాదు. ఏదో పని మీద హైదరాబాదు వచ్చిన ప్రతిసారీ లాడ్ బజారు వెళ్లి అమ్మకు లక్క గాజులు తెచ్చేవారు. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినవి అవే, బొగ్గుల మీద లక్కను మెత్తబరిచి, చుట్టి, పైన రాళ్లు అద్దేవి. గాజు కొలత తప్పితే కొన్నదంతా వృథా. రెండు-ఆరు అంటే రెండంగుళాల మీద ఒక అంగుళంలో పదహారు వంతుల్లో ఆరు. రెండు-ఎనిమిదికీ దానికీ తేడా అంగుళంలో ఎనిమిదో వంతే, ఆ కాస్త తేడాకే ఒకటి బొటనవేలి మొదట్లో ఆగిపోతుంది, ఒకటి మోచేతి దాకా జారుతుంది. నాన్న ఎప్పుడూ తప్పలేదు. అమ్మ చెయ్యి కడుక్కునేటప్పుడు పక్కన తీసిపెట్టిన పాత గాజు ఒకటి జేబులో వేసుకుని బయలుదేరేవారు. గాజు పోయిందని అమ్మ ఇల్లంతా వెతికేది. మూడో రోజున ఆ పాతది కొత్తవాటి మధ్యలో తిరిగొచ్చేది.

మరి నేను? అమ్మకు అరవై నిండినప్పుడు కంచి పట్టుచీర కొన్నాను. రెండు నెలల జీతంలో మిగిల్చి కొన్నాను. కట్టుకుని ఫొటో దిగింది, మడిచి బీరువాలో పెట్టింది, అక్కడే ఉంది. అదే ఏడాది మా మరదలు వంటింట్లోకి ఒక స్టూలు తెచ్చింది. వడ్రంగి చేత చేయించింది, పొయ్యి గట్టు ఎత్తుకు సరిపోయేలా, వెనక్కి ఆనుకోవడానికి చిన్న పలకతో. అమ్మ కూర తరిగేటప్పుడు ఒంటి కాలి మీద బరువు మారుస్తూ నిలబడుతోందని తను కనిపెట్టింది. మోకాళ్ల నొప్పి గురించి అమ్మ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఆ స్టూలు మీద కూర్చునే పచ్చడి నూరుతుంది, కూర్చునే నాతో ఫోన్‌లో మాట్లాడుతుంది. నా చీర ధరలో పదో వంతు కూడా కాదు అది. అమ్మను నేను దూరం నుంచి ప్రేమించాను, తను దగ్గర్నుంచి చూసింది. మా మరదలి మీద ఆ రోజు కలిగిన గౌరవం ఇవాళ్టికీ అలాగే ఉంది.

దూరంగా ఉన్నవాళ్లకు ఇది చేతకాదని నేననను. నాతో పనిచేసే ఒకామె తల్లి గుంటూరులో ఒంటరిగా ఉంటుంది. తల్లి బీపీ మాత్రలు ఏ తేదీకి అయిపోతాయో ఈమె ఫోన్‌లో అలారం ఉంది. దానికి మూడు రోజుల ముందే ఆర్డరు పెడుతుంది. అందులో ఓ పెరుగు ప్యాకెట్టు, వారపత్రిక కూడా చేరుస్తుంది, తల్లి మందుల సంచి అనుకోకూడదని. నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లో కొన్నంత మాత్రాన ఆ ప్రేమకు తక్కువేమీ లేదు. ఆర్టీసీ కార్గోలో పంపినా, యాప్‌లో పెట్టినా, తల్లి బల్ల మీద ఏ మందు ఎన్నో రోజున ఖాళీ అవుతుందో తెలిసి ఉండాలి, అంతే. పండక్కి రంగు కాగితం చుట్టిన జీడిపప్పు డబ్బాలు ఇంటింటికీ తిరుగుతుంటాయి చూడండి, విప్పకుండానే ఒకరి నుంచి ఒకరికి. వాటి మీద నాకు కోపం లేదు గానీ, వాటి గురించి రాయడానికి కూడా ఏమీ లేదు.

ఆవకాయ దగ్గర ఒక సంగతి ఆపాను. పోయినసారి అడిగాను అమ్మను, "నీకు ఏది ఇష్టమమ్మా, వెల్లుల్లి ఉన్నదా, లేనిదా?" అని. చాలాసేపు ఆలోచించింది. "మా అమ్మ పెసరావకాయ పెట్టేది" అంది చివరికి, "మీరెవరూ తినరని మానేశాను." ఏళ్ల తరబడి నాలుగు సీసాలు నింపిన మనిషికి అయిదో సీసా లేదు. ఈ వేసవిలో పెసరపిండి కొట్టించి, ఫోన్‌లో తనే చెబుతుండగా చిన్న సీసాడు కలిపాను. ఉప్పు కాస్త ఎక్కువైంది. బస్సులో పంపాను. కూకట్‌పల్లిలో డిక్కీలోకి పెట్టె ఎక్కించేటప్పుడు డ్రైవరు, "ఎప్పుడూ దించుకుంటారు, ఇవాళ ఎక్కిస్తున్నారేంటమ్మా" అన్నాడు.

వినాయక చవితికి అమ్మ మా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకముందే మా పాప ఫ్రిజ్జు దగ్గరికి పరిగెత్తింది. రెండో తరగతి చదువుతోంది. గుడ్ల అర వెనక నుంచి టిష్యూ కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి తీసింది. ఆగస్టు పదిహేనున బడిలో ఇచ్చిన బూందీ లడ్డూ. ఇన్నాళ్లుగా అది అక్కడుందని నాకు తెలియదు. రాయిలా గట్టిపడింది, ఒక పక్క చిన్న పంటిగాటు ఉంది.

"అమ్మమ్మా, నీకోసం ఎత్తిపెట్టాను."

అమ్మకు షుగరు. వద్దని చెప్పబోయాను. అమ్మ నా వైపు చూడనే లేదు. గుమ్మంలోనే కూర్చుని, లడ్డూను గడపకేసి కొట్టి రెండు ముక్కలు చేసింది. పంటిగాటు ఉన్న సగం నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించింది. పాప ఆమె మోకాలి మీద చెయ్యేసి నిలబడి నోటివంకే చూస్తోంది. మిగిలిన సగం టిష్యూలో మళ్లీ చుట్టి, కొంగున వేసి ముడి వేసుకుంది అమ్మ.

"ఇది మీ తాతయ్యకి" అంది.